ఈ పేజీలో ఇద్దరున్నారు

దెయ్యాలకి అర్ధరాత్రే తీరిక దొరుకుతుందని మీకెవరు చెప్పారో గానీ, నా దగ్గరికి మాత్రం మధ్యాహ్నం రెండున్నర దాటాక వచ్చింది. నేను కడుపునిండా తిని, టీ తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని కుదురుగా కూర్చున్నాకే వచ్చింది. ఆ మాత్రం మర్యాద తెలిసినదే.

నేను గోరంతని కొండంత చేసే మనిషినని మా ఇంటి గోడలక్కూడా తెలుసు. మా అన్నయ్య కూతురు నా దగ్గరే ఉంటుంది. నేను ఏ అంకె చెప్పినా దాన్ని పదితో భాగించి గానీ నమ్మదు. "అత్త వంద ఎలుకల్ని చూసిందంటే పది. పదంటే ఒకటి. ఒకటంటే తోక" అంటుంది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో అరుపులు, ఏడుపులు, చెమటలు నావి. వాటిని మీ ఇష్టం వచ్చినంత తగ్గించుకోండి. కొలతలు మాత్రం నావి కావు. వాటి జోలికి వెళ్ళకండి.

నలభై ఏళ్ళపాటు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. నేను పట్టుకున్న అచ్చుతప్పుల్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి వంగి మళ్ళీ మా వీధిలోకి వచ్చేవి. ఉద్యోగం అయిపోయాక, ఊరికే కూర్చుంటే ఇంట్లో వాళ్ళ తప్పులు పడతానని భయపడి, మా మేనకోడలు నాకు కొత్త పని అంటగట్టింది.

'పందిరి' అని ఒక సాఫ్ట్‌వేరుంది. సొంతంగా వెబ్‌సైటు నడుపుకునేవాళ్ళు దాని మీద పేజీలు రాసుకుంటారు, బొమ్మలు పెట్టుకుంటారు, పాత రాతలు దాచుకుంటారు. అది ఎవడబ్బ సొత్తూ కాదు. దాని లోపలి గుట్టంతా ఆరుబయట పరిచి ఉంటుంది. చేతనైనవాళ్ళు బాగుచేస్తారు, చేతకానివాళ్ళు తప్పులు పడతారు. నేను రెండో జాతి.

కొత్త పందిరిని జనంలోకి వదిలే ముందు డెవలప్‌మెంట్ రిలీజ్ అని ఒకటి వదులుతారు. నేను దాన్ని పచ్చి విడుదల అంటాను. ఇంకా పక్వానికి రాని సరుకన్నమాట. 'నిజమైన సైటు మీద పెట్టకండి, పరీక్షకి మాత్రమే' అని ఎర్రటి అక్షరాల్లో రాసి మరీ వదులుతారు. మాబోటివాళ్ళం దాన్ని సొంత కంప్యూటర్లో పెట్టుకుని, పెట్టకూడని చోటల్లా వేలు పెట్టి, ఎక్కడ విరుగుతుందో చూసి తప్పుల పట్టీలో రాస్తాం. దానికో కట్టుబాటుంది. తప్పు ఎలా వచ్చిందో మెట్టు మెట్టుగా రాయాలి. ఇంకొకరెవరైనా అవే మెట్లు, ఒక్కటి కూడా దాటకుండా ఎక్కి, 'నాకూ వచ్చింది' అంటేనే అది తప్పు కింద లెక్క. లేకపోతే కొట్టేస్తారు.

ఆ పట్టీలో నా పేరు భూతద్దం. నాకో పోటీదారుడు ఉన్నాడు, టేపు మాస్టారు. ఉద్యోగమంతా భూములు కొలిచి, రిటైరయ్యాక ఇందులో పడ్డ సర్వేయరు. ఆయన్ని నేను కళ్ళతో చూడలేదు. కానీ రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య జరుగుతున్న యుద్ధానికి నేల దద్దరిల్లింది. నేను 'బొత్తాం మైలు దూరం జరిగింది' అని రాస్తే, కింద ఆయన 'నాలుగు చుక్కలు జరిగింది' అని రాసేవాడు. అంత ముక్కుసూటి మనిషి.

ఈసారి పచ్చి విడుదలలో కొత్త సదుపాయం పెట్టారు. ఒకే పేజీని ఒకేసారి ఇద్దరు ముగ్గురు కూర్చుని రాసుకోవచ్చు. పేజీలో ఎంతమంది ఉన్నారో పైన ఒక మూల అంకె కనపడుతుంది. ఒక్కొక్కరి కర్సర్‌కి ఒక్కో రంగు. నాది ఆకుపచ్చ.

దాని మీద టేపు మాస్టారు ఒక తప్పు రాశారు. 'నేనొక్కణ్ణే ఉన్నా ఇద్దరున్నట్టు చూపిస్తోంది' అని. కింద మెట్లు.

ఒకటి, సైటు సొంత కంప్యూటర్లోనే ఉండాలి. రెండు, నెట్ తీసెయ్యాలి. మూడు, ఇంట్లో ఒక్కరే ఉండాలి. నాలుగు, తలుపు వీపు వెనక ఉండాలి, సగం తెరిచి ఉండాలి. ఐదు, కొత్త పేజీ తెరిచి, వెనక ఏమేం ఉన్నాయో, ఎంత దూరం దాకా మనుషుల్లేరో, తిరిగి చూడకుండా రాయాలి. ఆరు, సేవ్ చెయ్యాలి. ఏడు, అంకె చూడాలి. ఒకటి ఉండాలి. రెండు ఉంటోంది.

(ఇంకో మెట్టు కూడా ఉంది. దాన్ని నేను మింగేశాను. మీ మంచికే.)

మిగతా పరీక్షకులు పగలబడి నవ్వారు. "తలుపుకీ సాఫ్ట్‌వేరుకీ ఏం చుట్టరికం మాస్టారూ?" అని ఒకడు అడిగాడు. తలుపు సంగతి వదిలేసి చేసి, మాకు రాలేదన్నారు. మాస్టారు ఒకే ఒక్క జవాబు రాశారు. 'పరీక్షకి ఏదో ఒకటి రాయాలి కదా అని గదిలోవి రాశాను. తలుపు మూసి పదకొండుసార్లు చేశాను, రాలేదు. సగం తెరిచి పదకొండుసార్లు చేశాను, పదకొండుసార్లూ వచ్చింది. గమనిక: వెనక్కి తిరిగితే ఏమవుతుందో ఇంకా చూడలేదు. రేపు చూస్తాను.'

ఆ రేపు వచ్చి వెళ్ళిపోయి మూడు వారాలైంది. మాస్టారు మళ్ళీ పలకలేదు.

ఆ రోజు సెలవు. అయినా మా మేనకోడలు పొద్దున్నే ఆఫీసుకి పోయింది. పందిరి విడుదలల్ని చూసుకునే బాధ్యత దానిదే. ఎవరూ లేని ఆఫీసులో ప్రశాంతంగా కూర్చుని రెండో పచ్చి విడుదల వదలాలని దాని ఆరాటం. నేను దాన్ని తక్కెడ అంటాను. అటూ ఇటూ ఆవగింజంత కూడా మొగ్గదు. చిన్నప్పుడు "నీకు అమ్మంటే ఎంత ఇష్టమే?" అని అడిగితే పిల్లలందరూ చేతులు బార్లా చాపుతారు కదా. ఇది స్కేలు తెచ్చుకుంది.

రెండింటికి ఫోన్ చేసింది.

"అత్తా, నాలుగింటికి విడుదల. అన్నీ తేలాయి, మాస్టారి తప్పొక్కటే మిగిలింది. మెట్లన్నీ ఎక్కి ఎవరో ఒకరు అవునో కాదో చెప్పాలి. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

"నేను బతికుండగా నీకెందుకే శ్రమ? ఆ ముసలాయన పప్పులో కాలేశాడని నా చేత్తో రాస్తే నాకు వందేళ్ళ ఆయుష్షు పెరుగుతుంది."

"అంటే పదేళ్ళు. సరే, మూడున్నరలోగా చెప్పు. నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే నేనే చేసేస్తా."

"అంతలోగా పదిసార్లు చేస్తాను."

"ఒక్కసారి చెయ్యత్తా. సరిగ్గా చెయ్యి."

నా గది ఇంటికి వెనకవైపు ఉంటుంది. బల్ల గోడకి ఆనుకుని ఉంటుంది. కూర్చుంటే నా ముక్కు ఎదురుగా గోడ, ఎడమచేతి పక్క కిటికీ. వెనక మంచం, పుస్తకాల బీరువా, తలుపు. తలుపు అవతల పొడుగాటి నడవా. నెట్ తీగ పీకేశాను. నా పరీక్ష సైటు నా కంప్యూటర్లోనే ఉంటుంది. తీగ పీకేశాక దానికి కిటికీ లేదు, గుమ్మం లేదు. చీమ దూరాలన్నా నా కీబోర్డు మీంచే దూరాలి.

తలుపు సగం తెరిచి పెట్టి వచ్చి కూర్చున్నాను.

అప్పుడే మబ్బు పట్టింది. మధ్యాహ్నం కాస్తా సాయంత్రంలా అయిపోయింది. వాన ఇంకా పడటం లేదు, పడబోయే ముందు వచ్చే మట్టివాసన మాత్రం కిటికీలోంచి లోపలికి వస్తోంది. గాలి ఆడటం లేదు. వీధిలో ఎక్కడో ఒక షట్టరు దించిన చప్పుడు. తర్వాత అదీ లేదు. కంప్యూటర్ లోపలి చిన్న ఫ్యాను ముసలిపిల్లిలా గురగుర్లాడుతోంది.

నేను రాయడం మొదలుపెట్టాను. ఎటూ మాస్టారు ఓడిపోయేదే కదా అని కాస్త సరదాగానే రాశాను.

'నా వెనక ఏనుగులు పడుకునేంత మంచం ఉంది. దాని మీద వంద దిండ్లు. బీరువాలో లక్ష పుస్తకాలు. తలుపు సగం తెరిచి ఉంది. నా వెనక పది మైళ్ళ దాకా మనిషి జాడ లేదు.'

సేవ్ కొట్టాను. రెండూ నలభై ఒకటి. అంకె చూశాను.

ఒకటి.

"ఓడారు మాస్టారూ!" అని బల్ల మీద చరిచాను. తక్కెడకి చెబుదామని ఫోన్ అందుకోబోయాను.

అంకె రెండయింది.

పేజీ చివర, నా ఆకుపచ్చ కర్సర్ పక్కన ఇంకోటి నిలబడి ఉంది. బూడిదరంగు. ఆ రంగు పందిరిలో లేదు. రంగుల పేర్లు తెలుగులోకి రాసింది నేనే, నాకు తెలియదా.

ఇది తక్కెడ చిలిపితనమే అనుకున్నాను. వెంటనే తీగ వైపు చూశాను. పీకేసిన తీగ బల్ల మీద చచ్చిన పాములా పడి ఉంది.

బూడిద కర్సర్ కదిలింది. మెల్లగా మొదటి వాక్యం దగ్గరికి వెళ్ళింది. 'ఏనుగులు పడుకునేంత' అన్న మాటల్ని ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. ఆ చోట 'ఆరడుగుల మూడంగుళాల' అని రాసింది.

భయం కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఊరందరి రాతలూ దిద్దిన దాన్ని. నా రాత దిద్దేవాడు ఇంకా పుట్టలేదు!

'వంద' పోయింది. 'రెండు' వచ్చింది. మంచం మీద ఉన్నవి రెండు దిండ్లే. 'లక్ష' పోయింది. 'రెండు వందల పద్నాలుగు' వచ్చింది. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయో నాకే తెలియదు. తర్వాత లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు.

అప్పుడు వినిపించింది, నా వెనక నడవాలోంచి.

జర్‌ర్‌ర్‌ర్... టక్.

ఇనప టేపు లాగి ఆపితే వచ్చే చప్పుడు.

మట్టివాసన పోయింది. దాని బదులు ఏళ్ళ తరబడి తెరవని బీరువా తెరిస్తే వచ్చే వాసన... చల్లగా, చిమ్మెటలు కొట్టిన కాగితాల వాసన నా మెడ వెనక నుంచి ముందుకొచ్చింది.

కర్సర్ చివరి వాక్యం దగ్గరికి వచ్చింది. 'పది మైళ్ళ' ముందు ఆగింది. చాలాసేపు ఆగింది. రెప్ప వేస్తున్నట్టు మిణుకుమిణుకుమంటోంది. తర్వాత చెరిపింది, రాసింది.

'నా వెనక ఏడడుగుల దాకా మనిషి జాడ లేదు.'

నా కుర్చీకీ తలుపుకీ మధ్య ఏడడుగులు. అది నాకు తెలుసు. చాప కొన్నప్పుడు కొలిచాను.

ఏడడుగుల దాకా లేదు. మరి ఏడో అడుగు దగ్గర?

తల తిప్పబోయాను. 'వెనక్కి తిరిగితే ఏమవుతుందో... రేపు చూస్తాను.' ఆ మాట గుర్తొచ్చి, తిప్పబోయిన తలని అక్కడే ఆపేశాను. మెడ నరాలు పటుక్కుమన్నాయి. గోడ వైపే చూస్తూ గుసగుసగా అడిగాను.

"ఎవరూ...?"

తలుపు కిర్రుమంది. గాలి లేదు.

'ఆరడుగుల దాకా మనిషి జాడ లేదు.'

అడుగుల చప్పుడు లేదు. చాప మీద కాలు పెడితే చాప నలిగిన చప్పుడైనా రావాలి కదా. రాలేదు. టేపు చప్పుడొక్కటే. జర్‌ర్‌ర్... టక్.

'ఐదడుగుల దాకా.'

కేకలేద్దామనుకున్నాను. వెయ్యిమంది పరిగెత్తుకొచ్చేలా అరవగలిగే గొంతు నాది. ఆ గొంతులోంచి పిల్లి పాలు తాగినంత చప్పుడు కూడా రాలేదు. చేతులు మాత్రం ఆడుతున్నాయి. గబగబా 'పది మైళ్ళ' అని మళ్ళీ కొట్టాను. నేను కొడుతుండగానే నా వెనకే చెరుపుకుంటూ వచ్చింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ చెరిపింది. కోపం లేదు, తొందర లేదు. తప్పు దిద్దే మనిషి తప్పుని దిద్దినట్టే.

'నాలుగడుగుల.'

జర్‌ర్... టక్.

'మూడడుగుల.'

నా నెత్తి మీది వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. నూరో ఇరవయ్యో మిగిలినవన్నీ. కుర్చీ వెనక చెక్క చల్లబడింది. ఎవరో బాగా వంగి, నా భుజం మీదుగా పేజీ చదువుతుంటే ఎలా ఉంటుందో... ఊపిరి లేని మనిషి చదువుతుంటే ఎలా ఉంటుందో... అలా ఉంది.

'రెండడుగుల.'

చెయ్యి చాస్తే అందే దూరం.

అచ్చాఫీసులో ఒక పద్ధతుంది. దిద్దుబాటే తప్పైతే, కొట్టేసిన మాట కింద చుక్కలు పెట్టి, పక్కన 'ఉన్నది ఉన్నట్టే ఉంచు' అని రాస్తాం. అప్పుడు అక్షరాలు పేర్చే కంపోజిటరు దిద్దుబాటుని పక్కన పడేసి మొదటి మాటే ఉంచుతాడు. ఆ చుక్కలు నా కళ్ళ ముందు మెరిశాయి. పందిరిలో ప్రతి పేజీకీ పాత ప్రతులు ఉంటాయి. సేవ్ చేసిన ప్రతిసారీ ఒకటి దాస్తుంది. నేను ఒక్కసారే సేవ్ చేశాను.

పాత ప్రతుల బొత్తాం నొక్కాను. రెండూ నలభై ఒకటి, భూతద్దం. 'ఈ ప్రతికి తిరిగి వెళ్ళాలా?' అని అడిగింది. ఆ ప్రశ్న తెలుగులోకి రాసింది కూడా నేనే. అది రాసేటప్పుడు ఇంత అవసరం పడుతుందనుకోలేదు.

నా చెవి పక్కన టేపు కొస టిక్కుమంది.

అవును నొక్కాను.

తలుపు ఢామ్మని కొట్టుకుంది. ఆ తర్వాత నడవాలో, వీధిలో, వీధి అవతల... జర్‌ర్‌ర్‌ర్‌ర్... అని టేపు చుట్టుకుంటూ దూరంగా, ఇంకా దూరంగా వెళ్ళిపోయిన చప్పుడు. అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

పేజీ చూశాను. 'నా వెనక పది మైళ్ళ దాకా మనిషి జాడ లేదు.' పైన అంకె ఒకటి.

నా అబద్ధమే నన్ను కాపాడింది.

అలా గోడ వైపు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వాన మొదలైంది. లేచి, వీపు గోడకి ఆనించి, పక్కపక్కగా జరిగి గది చూశాను. ఎవరూ లేరు. తలుపు దగ్గర్నుంచి చాప మీది దుమ్ములో ఒక సన్నటి గీత ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. నా కుర్చీకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

గడియారం చూశాను. మూడూ నలభై.

మూడున్నరలోగా చెప్పు. లేకపోతే నేనే చేసేస్తా.

ఫోన్ అందుకుని రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మూడోసారి కలిసింది.

"ఏమైపోయావత్తా? చూసి చూసి నేనే మొదలెట్టేశాను."

"తక్కెడా, ఆపు! మొత్తం ఆపు. దెయ్యమే! నిజంగా దెయ్యం!"

"ఎంతుంది? తాటిచెట్టంతా?" నవ్వుతోంది. "పదితో భాగిస్తే బల్లి. అత్తా, పనిలో ఉన్నాను. నువ్వు తర్వాత చెబుదువుగానీ."

నా జన్మలో నా నోటి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. డెబ్భై రెండేళ్ళు గాలి నింపి నింపి మాటల్ని బుడగల్లా ఎగరేశాను. ఇప్పుడు బరువున్న మాట ఒక్కటి కావాలంటే, అదీ బుడగే అనుకుంటోంది నా పిల్ల.

ఊపిరి బిగబట్టాను. అచ్చం అది మాట్లాడినట్టు మాట్లాడాను.

"రెండడుగులు."

"ఏంటి?"

"తలుపు నుంచి నా కుర్చీకి ఏడడుగులు. అది ఐదడుగులు వచ్చింది. రెండు మిగిలాయి. చాప మీద గీత ఉంది."

నవ్వు ఆగిపోయింది.

"అత్తా..." గొంతు తగ్గించింది. "నువ్వు రెండడుగులంటే... ఎంత?"

"రెండే, తల్లీ."

అవతల దాని కుర్చీ కిర్రుమంది.

"తిరగకు!" అని అరిచాను. "నీ పేజీలో ఏముంది? చదువు."

"నేను... 'నా వెనక తొమ్మిదడుగుల దాకా ఎవరూ లేరు' అని రాశాను. కొలిచే రాశాను. ఇప్పుడు ఐదని ఉంది. నేను మార్చలేదు."

ఫోన్లోంచి, దాని గొంతు వెనక, సన్నగా... జర్‌ర్... టక్.

"అత్తా, ఇప్పుడు నాలుగు."

"పాత ప్రతికి వెళ్ళు. తొందరగా!"

కీబోర్డు చప్పుడు. తలుపు కొట్టుకున్న చప్పుడు. అది ఊపిరి వదిలింది.

"వెళ్ళాను. తొమ్మిదడుగులని ఉంది. అంకె ఒకటి."

తొమ్మిదడుగులు. నా పాత ప్రతిలో పది మైళ్ళుంది. దానిది ఉన్నమాట. ఉన్నమాటకి తిరిగి వెళితే అది గుమ్మం దాకానే వెళుతుంది. మాస్టారిదీ ఉన్నమాటే అయ్యుంటుంది. కొలిచి రాసేవాళ్ళకి పారిపోవడానికి చోటేది?

"అది మళ్ళీ వచ్చేలోగా ఆ అంకె మార్చు. దూరం పెంచి రాసి సేవ్ కొట్టు!"

"అది అబద్ధం కదత్తా?"

"ఇప్పుడా నీతులు! రాయవే!"

టకటకా కొట్టింది. ఒక్క క్షణం. సేవ్ చేసిన చప్పుడు. ఆ వెంటనే, వానలోంచి, దూరంగా పోతున్న ఆ ఇనప చప్పుడు ఫోన్లో నాకూ వినపడింది. నాది వెళ్ళినంతసేపు వెళ్ళలేదేమో అనిపించింది. ఆ మాట అప్పుడు దానితో అనలేదు.

"ఏం రాశావు?"

"'అడుగుల' తీసేసి 'మైళ్ళ' అని పెట్టాను. తొమ్మిది మైళ్ళు. అంతే వీలైంది."

"వెయ్యి అని కొట్టకూడదటే?"

"చెయ్యి రాలేదత్తా" అని ఏడ్చేసింది.

నాలుగింటికి రెండో పచ్చి విడుదల వెళ్ళింది, ఆ కొత్త సదుపాయం లేకుండా. 'పని పూర్తి కాలేదు, ప్రస్తుతానికి తీసేశాం' అని తక్కెడ ఒక ముక్క రాసింది. మాస్టారి మెట్లన్నీ పట్టీలోంచి తుడిచేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత మాస్టారి ఇంటి నంబరు సంపాదించి నేను ఫోన్ చేశాను. ఆయన కోడలు ఎత్తింది.

"మామయ్యగారు బాగానే ఉన్నారండీ. తింటున్నారు, పడుకుంటున్నారు. కంప్యూటర్ మాత్రం ముట్టడం లేదు" అంది. మళ్ళీ తనే, "ఇంట్లో ఎక్కడికి వెళ్ళినా వీపు గోడకి ఆనించుకునే నడుస్తున్నారండీ. ఎందుకంటే చెప్పరు. ఆయన టేపు కూడా కనపడటం లేదు. ఇల్లంతా వెతికాం" అంది.

ఇదంతా జరిగి మూడు నెలలు.

నేను రోజూ పొద్దున లేవగానే ఆ పేజీ తెరిచి చూస్తాను. తలుపు మూసి, గడియ పెట్టి, కుర్చీ అడ్డంపెట్టి చూస్తాను. మొదట్లో అంకె తగ్గుతుందేమోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేదాన్ని. తగ్గలేదు. పది మైళ్ళు పది మైళ్ళే. ఒక్క గజం కూడా తగ్గలేదు. నా అంత గొప్ప అబద్ధాన్ని దాటి రావడం దాని తరం కాదని వీధి వీధంతా వినపడేలా నవ్వాను.

నిన్న సాయంత్రం టీ తాగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. నా వైపు ఒక్క గజం కూడా రాలేదంటే, అది కదలడం లేదని కాదు కదా. పది మైళ్ళ కంటే దగ్గర దారి ఇంకోటి ఉంటే, ముందు అటే వెళుతుంది.

తక్కెడ హాల్లో పని చేసుకుంటోంది. దాని కుర్చీ ఎప్పుడూ కిటికీ దగ్గర ఉండేది. ఎప్పుడు జరుపుకుందో, ఇప్పుడు వెనకవైపు గోడకి ఆనించి ఉంది. మధ్యలో కాగితం కూడా దూరదు.

"ఏమే," అన్నాను వీలైనంత తేలిగ్గా, "నీ పేజీ చూస్తున్నావా? ఎంత ఉంది?"

అది తలెత్తి నా వైపు చూసింది. చక్కగా నవ్వింది.

"వెయ్యి మైళ్ళుందత్తా!"

పుట్టి బుద్ధెరిగాక అది లెక్క పెంచి చెప్పడం అదే మొదటిసారి.

పదితో భాగించాను. వంద. మళ్ళీ భాగించాను. పది. అక్కడ ఆగాలో, ఇంకోసారి భాగించాలో, ఇంకా ఎన్నిసార్లు భాగించాలో తెలియక, చల్లారిన టీ పట్టుకుని దాని మొహం వైపే చూస్తూ నిలబడిపోయాను.